బాగుచేతకు వచ్చిన వస్తువు: తిరిగి చేర్చవలసిన అమానత్

ఒకనాడు అసర్ నమాజు ముగిసిన పిదప, తుళ్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే యువకుడొకడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. బాల్యంలో మా వద్ద ఖుర్‌ఆన్ పారాయణం నేర్చుకున్నవాడే. దుకాణం అద్దె రెండు నెలలుగా బాకీ ఉన్నదని, కూతురి బడి ఫీజు కట్టవలసి ఉన్నదని మాకు ముందే తెలుసు. కొంతసేపు తటపటాయించి విషయం చెప్పాడు.

"హజ్రత్, మా పెద్దమ్మ కొడుకు షార్జాలో ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. అక్కడ పాడైపోయిన ఫోన్లు ఇరవై పంపుతానంటున్నాడు. నేను బాగుచేసి ఇస్తే, తిరిగి వెళ్లేవారి చేత పంపించేస్తాం. కూలి మంచిదే ఇస్తారు. సెలవు మీద వస్తున్న ఇద్దరి పెట్టెల్లో బట్టల మధ్య పదేసి సర్దితే సరిపోతుందట. మేమేమీ ఇక్కడ అమ్ముకోవడం లేదు కదా! ఇందులో తప్పేమన్నా ఉందా?"

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఫిఖ్‌హ్ గ్రంథాలు చదివినవారికి కస్టమ్స్ చట్టం తెలిసి ఉండాలని లేదు. తెలియనిదానికి ఫత్వా ఇవ్వడం పాపం. రెండు రోజులు గడువడిగి, గుంటూరులో ఎగుమతి దిగుమతుల కాగితాలు చూసే కస్టమ్స్ బ్రోకరు ఒకరిని కలిసి వివరాలు తెలుసుకున్నాము. గల్ఫ్ దేశాలతో రాకపోకలున్న కుటుంబాలు మన పాఠకులలో చాలా ఉన్నాయి గనుక, ఆ వివరాలు అందరికీ ఉపయోగపడగలవని ఇక్కడ వ్రాస్తున్నాము.

చట్టం ఏమంటున్నది?

మొదట గ్రహించవలసినది, బాగుచేసి తిరిగి పంపే పనిని మన దేశపు చట్టం నిషేధించలేదన్న సంగతి. విదేశీ వస్తువును మరమ్మతు కోసం సుంకం లేకుండా తెచ్చుకునే సౌకర్యం 1994లో వెలువడిన 153వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ ద్వారా కల్పించబడింది. దానికి షరతులున్నాయి. వస్తువు మరమ్మతు కోసమే వస్తున్నదని దిగుమతి సమయంలోనే ప్రకటించాలి. తిరిగి పంపుతామని బాండు వ్రాసి ఇవ్వాలి. ఆరు నెలల లోపు ఆ వస్తువునే వెనుకకు పంపాలి. తగిన కారణం చూపితే అధికారి గడువు పొడిగించవచ్చు. పంపకపోతే మినహాయించిన సుంకం కట్టవలసి వస్తుంది. 2024 జులై బడ్జెట్టులో విమానాలు, ఓడల విషయంలో ఈ ఆరు నెలల గడువును సంవత్సరానికి పెంచారు.

వచ్చిన వస్తువే తిరిగి వెళ్లిందని నిరూపించేది దాని మీది నంబరు. ప్రతి మొబైల్ ఫోనుకు పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. వచ్చినప్పుడు కాగితం మీద ఏ నంబరు వ్రాశారో, వెళ్లేటప్పుడు ఆ నంబరే కనబడాలి.

ఇక వ్యాపారంగా చేయదలచినవారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుండి ఐఈసీ అనే దిగుమతి ఎగుమతి కోడ్ పొందాలి. వచ్చేటప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీ, వెళ్లేటప్పుడు షిప్పింగ్ బిల్ దాఖలు చేయాలి. అంతటితో అయిపోలేదు. మొబైల్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటివి కొత్తవైనా పాతవైనా భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ లేనిదే దిగుమతి కారాదు. మినహాయింపు కావాలంటే ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ నుండి లేఖ తెచ్చుకోవాలి. పైగా పాత ఎలక్ట్రానిక్ సామాను పర్యావరణ నిబంధనల కిందికి కూడా వస్తుంది. ధనిక దేశాల చెత్త పేద దేశాలలో కుప్పలు పడకుండా 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, బాగుచేసి సంవత్సరంలోగా తిరిగి పంపే పరికరాలను వేరుగా గుర్తించి, వాటికి షరతులు విధించాయి. మరమ్మతు పేరిట వచ్చి ఇక్కడే మిగిలిపోయిన బ్యాటరీలు, బోర్డులు చివరికి మన కాలువల గట్ల మీద కాలుతాయి. ఆ పొగ పీల్చేది మన బిడ్డలే.

ఈ షరతులు భారమైనవని ప్రభుత్వమూ గుర్తించింది. 2023 మే 31న బెంగుళూరులో మూడు నెలల ప్రయోగాత్మక పథకం ఒకటి మొదలయింది. ప్రపంచ దేశాల ఎలక్ట్రానిక్ వస్తువులను ఇక్కడ బాగుచేసి పంపడమే దాని ఉద్దేశం. ఫ్లెక్స్, లెనోవో, సీటీడీఐ, ఆర్-లాజిక్, ఏఫోర్‌సర్వ్ అనే ఐదు సంస్థలు అందులో పాల్గొన్నాయి. అంటే మన తుళ్లూరు కుర్రవాడి ఆలోచన చెడ్డదేమీ కాదు. తప్పు బట్టల మధ్య దాచడంలో ఉన్నది.

ప్రయాణికుని పెట్టె వేరు, వ్యాపార సరుకు వేరు

ప్రయాణికుని సామానుకు ఇచ్చే మినహాయింపు అతని సొంత వాడకానికీ, కానుకలకూ మాత్రమే. 2016 బ్యాగేజీ నిబంధనలు గల్ఫ్ నుండి తిరిగి వచ్చే స్వదేశీయునికి 50 వేల రూపాయల విలువ వరకు సుంకం మినహాయించాయి. పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఒక ల్యాప్‌టాప్ అదనం. మించిన విలువ మీద 35 శాతం సుంకం, దాని మీద సర్‌చార్జి కలిపి 38.5 శాతం పడేది. ఎల్ఈడీ టీవీకి ఈ మినహాయింపు వర్తించదు. ఈ అంకెలు మారుతూ ఉంటాయి గనుక ప్రయాణానికి ముందు అప్పటి నిబంధనలు చూసుకోవడం ప్రతివారి బాధ్యత. ఇరవై పాడైన ఫోన్లు మాత్రం ఏ లెక్కన చూసినా సొంత సామాను కావు.

1962 నాటి కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ప్రయాణికుడు తన సామాను గురించి నిజం ప్రకటించాలి. ప్రకటించకుండా దాచినది పట్టుబడితే వస్తువు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. అదే చట్టం 80వ సెక్షన్‌లో ఒక మేలు కూడా ఉన్నది. నిజం ప్రకటించిన ప్రయాణికుడు కోరితే, సుంకం పడే వస్తువును విమానాశ్రయంలోనే అధికారి వద్ద ఉంచి, తిరిగి దేశం విడిచి వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు. అబద్ధమాడినవానికి ఆ దారి లేదు.

మరొక మాట మన ఇళ్లవారికి. ఇక్కడి నుండి విలువైన ల్యాప్‌టాప్, కెమెరా, నగలు వెంట తీసుకువెళ్లేవారు బయలుదేరేటప్పుడే కస్టమ్స్ అధికారి వద్ద ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు అది చూపితే, తన వస్తువుకే తాను సుంకం కట్టే అవస్థ తప్పుతుంది.

"కస్టమ్స్ ఎగ్గొడితే పాపమా?"

ఈ ప్రశ్న మనవారిలో చాలామంది మనసులో ఉన్నది, పైకి అడగరు. కొందరు మరింత ముందుకు పోయి, 'మక్స్' వసూలు చేసేవానిని హదీసు ఖండించింది కదా, కస్టమ్స్ కూడా మక్సే కదా, దానిని తప్పించుకుంటే దోషమేమిటి అంటారు.

హదీసులో ఖండన ఉన్న మాట నిజమే. అది బాటసారుల వద్ద, వర్తకుల వద్ద దౌర్జన్యంగా గుంజుకునే వసూళ్ల గురించి. అయితే వర్తకుల సరుకు మీద క్రమబద్ధమైన పన్ను ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో దారుల మీద 'ఆషిర్'లను నియమించారు. ముస్లిం వర్తకుని నుండి నలభయ్యవ వంతు, జిమ్మీ నుండి ఇరవయ్యవ వంతు, పరదేశపు వర్తకుని నుండి పదవ వంతు తీసుకునేవారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో దీని వివరం ఉన్నది.

సుంకం రేటు న్యాయమైనదా, ఎక్కువా అని వాదించుకోవచ్చు. తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు. కాని పాస్‌పోర్టు తీసుకున్ననాడే ఈ దేశపు నియమాలకు కట్టుబడతామని మనం ఒప్పుకున్నాము. సూరా మాయిదా తొలి ఆయతే ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులను ఆదేశిస్తున్నది. 'నా వద్ద ప్రకటించవలసినది ఏదీ లేదు' అంటూ గ్రీన్ చానెల్‌లో నడిచిపోయేవాడు నోటితో అనకపోయినా కాళ్లతో అబద్ధమాడినట్లే. పన్ను గురించి ఎంత వాదించినా అబద్ధం హలాల్ కాబోదు.

అంతకంటె పెద్ద విషయం మరొకటి ఉన్నది. ఆ ఇరవై ఫోన్లు మన కుర్రవానివి కావు, అతని అన్నవి కావు, ఆ దుకాణం యజమానివి కూడా కావు. బాగుచేయమని ఇచ్చి వెళ్లిన ఎవరో ఖాతాదారులవి. గన్నవరంలోనో హైదరాబాదులోనో జప్తు అయితే వారికి జవాబు చెప్పేదెవరు? బాగుచేసేవానిని ఫిఖ్‌హ్‌లో 'అజీరె ముష్తరక్' అంటారు. అతని చేతిలోని వస్తువు అమానత్ అని, తన తప్పు లేకుండా పోతే నష్టపరిహారం లేదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) మాత్రం, తప్పించుకోరాని ఆపద వస్తే తప్ప అతడే బాధ్యుడన్నారు. ఇక తన నిర్లక్ష్యం వలన, తన చేతిపని వలన చెడితే బాధ్యత అతనిదేనన్న విషయంలో భేదం లేదు. పరుల సొత్తును తెలిసి తెలిసి దొంగదారిన పంపడం కంటె పెద్ద నిర్లక్ష్యం ఏముంటుంది?

మన ప్రాంతపు రైతులకు ఇది చెప్పనక్కరలేదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టి బాండు తెచ్చుకుంటారు. ధర పెరిగిందని స్టోరేజీ యజమాని వాటిని అమ్ముకుంటే ఊరుకుంటారా? కస్టమ్స్‌లో వ్రాసే బాండు భావం కూడా అదే: ఈ వస్తువు నాది కాదు, వచ్చిన చోటికే చేరుస్తాను. షరీఅత్ అమానత్ అని పిలిచినదానినే చట్టం తన భాషలో అడుగుతున్నది.

హిజ్రత్ నాటి రాత్రిని జ్ఞాపకం చేసుకోండి. మక్కా వారు మహాప్రవక్త (స) ప్రాణం తీయడానికి సిద్ధమయ్యారు. ఆ మక్కా వారి అమానతులే ఆయన ఇంట్లో ఉన్నాయి. వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి) ని అక్కడ ఉంచి వెళ్లారు. ప్రాణశత్రువు సొత్తు విషయంలోనే అంత జాగ్రత్త వహించిన ప్రవక్త సముదాయం మనది.

తరువాత ఏమయింది?

మేము ఈ మాటలన్నీ చెప్పగా యువకుడు మౌనంగా విన్నాడు. తానే బ్రోకరును కలిసి లెక్క వేయించుకున్నాడు. లైసెన్సులకు, కొరియరుకు, కాగితాలకు అయ్యే ఖర్చుతో ఇరవై ఫోన్ల మరమ్మతు గిట్టదని తేలింది. అన్నకు ఫోను చేసి వద్దని చెప్పేశాడు. "పెద్ద నీతిమంతుడివి అయ్యావులే" అని ఆయన కోపగించుకున్నాడట. ఆ నెల కూడా అద్దె బాకీ పడింది.

ఇక్కడ మా బాధ్యత కూడా మాకు తెలిసివచ్చింది. హరామ్ దారి మూసి ఊరుకుంటే సరిపోదు. హలాల్ దారి తెరవడానికి చేయి అందించాలి. జుమా తరువాత ముగ్గురు నలుగురితో మాట్లాడి, అతనికి కర్జె హసనా ఏర్పాటు చేశాము. వడ్డీ లేదు, ఏడాదిలో తీర్చాలని సాక్షుల సమక్షంలో కాగితం వ్రాసుకున్నాము. అద్దె తీరింది, ఫీజు కట్టాడు. ఇప్పుడు నెలనెలా కొంత చెల్లిస్తున్నాడు. ఒకనాడు ఐదారుగురు మెకానిక్కులు కలిసి ఐఈసీ తీసుకుని, చట్టబద్ధంగా పెద్ద ఎత్తున ఆ పని చేస్తే గిట్టుతుందేమోనని కూడా ఆలోచిస్తున్నాడు. అల్లాహ్ శుభం కలిగించుగాక!

గల్ఫ్ నుండి వచ్చే అన్నదమ్ములకు మా విన్నపం ఒక్కటే. ఎవరైనా పొట్లమిచ్చి 'మా ఊళ్లో ఇవ్వు' అంటే అందులో ఏమున్నదో విప్పి చూడండి. మీ పెట్టెలో ఉన్నదానికి అధికారి ఎదుట జవాబుదారులు మీరే. ఇక్కడ తల్లులకు, భార్యలకు కూడా ఒక మాట: 'వాళ్లు తెచ్చారు, నువ్వెందుకు తేలేకపోయావు' అని వచ్చినవారిని నిలదీయకండి. ఆ మాటే చాలాసార్లు మనిషిని గ్రీన్ చానెల్ వైపు నెడుతుంది.

విమానాశ్రయపు యంత్రం ఒక్కొక్కసారి పెట్టెలోనిది పట్టలేకపోవచ్చు. లెక్క అప్పగించవలసిన దినాన ఏదీ దాగదు. అల్లాహ్ మనకు హలాల్ సంపాదనను, ఉన్నదానితో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.