మంచు కింద... పదే నిమిషాలు!

కాప్రాలో మంచు పడదు. చలికాలం తెల్లవారుజామున చెరువు మీద కమ్ముకునే పొగమంచే ఇక్కడివాళ్లకు తెలిసిన మంచు. పక్కనున్న సైనిక్‌పురి సంగతి వేరు. మాజీ సైనికాధికారుల కోసం వెలిసిన కాలనీ కదా, మంచుకొండల్లో కాపలా కాసొచ్చిన వాళ్లకి అక్కడ కొదవలేదు.

ఇప్పుడా కొండలకు సెలవుల్లో కుటుంబాలూ వెళ్తున్నాయి. గుల్‌మార్గ్, ఔలి, సోలాంగ్ లోయల్లో పిల్లలు స్కీయింగ్ నేర్చుకుంటున్నారు. కాస్త చెయ్యి తిరిగాక, జెండాలు పాతిన దారి వదిలి ఎవరూ తొక్కని మంచులోకి వెళ్లాలనిపిస్తుంది. అదే బ్యాక్‌కంట్రీ స్కీయింగ్. అందం అక్కడే, ఆపదా అక్కడే! 2023 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ దగ్గరి అఫర్వాత్ కొండ మీద మంచుచరియ విరుచుకుపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అక్కడే ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం పోయింది.

పంచదార మీద పలక

కొండ మీద మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగున ఒక పొర పంచదారలా పొడిపొడిగా ఉండి, దానిమీద గట్టి పొర పలకలా కూర్చుంటే ప్రమాదం పొంచి ఉన్నట్టే. మనిషి బరువు పడగానే పలక పగిలి జారుతుంది. ప్రాణాలు తీసే చరియల్లో చాలావరకు అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్లతో వచ్చినవాళ్లో కదిలించినవే. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఇవి ఎక్కువ. భారీగా మంచు కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజులు, ఈదురుగాలి వీచినప్పుడు, ఎండ ఒక్కసారిగా పెరిగినప్పుడు మరీ జాగ్రత్త. కాలికింద 'వుంఫ్' మని శబ్దమొచ్చినా, మంచు మీద పగుళ్లు పాకినా వెంటనే వెనుదిరగాలి.

మనదేశంలో మంచుచరియల హెచ్చరికలను డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్ఈ సంస్థ ఇస్తుంది. ప్రమాద స్థాయిని అయిదు మెట్లుగా చెబుతారు. 'మూడే కదా' అనుకోవద్దు. ఆ మూడో మెట్టు దగ్గర పోయే ప్రాణాలూ ఎక్కువే.

మూడు వస్తువులు... ఒక తోడు

ట్రాన్సీవర్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార... బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా ఈ మూడూ ఉండాలి. ట్రాన్సీవర్ సంకేతాలు పంపుతుంటే తోటివాళ్లు తమ ట్రాన్సీవర్లతో ఆచూకీ పడతారు. దాన్ని సెల్‌ఫోన్‌కు దూరంగా పెట్టుకోవాలి. వాడకం ముందే సాధన చేయాలి. ఒంటరిగా వెళ్లకూడదు. స్థానిక గైడ్ తోడుండాలి. వాలును ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి కనిపెట్టుకుని ఉండాలి.

చరియలో చిక్కుకుంటే అరిచి తోటివాళ్లను హెచ్చరించాలి. పక్కకు తప్పుకోవడానికి, మంచు పైభాగాన ఉండటానికి పెనుగులాడాలి. ప్రవాహం ఆగుతుండగా ముఖం ముందు చేతులు అడ్డుపెట్టుకుంటే ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది. పూర్తిగా కూరుకుపోయినవారిని పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట అయితే ముగ్గురే! బయటినుంచి సాయం అంతలో రాదు. కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే.

సియాచిన్ చెప్పిన పాఠం

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది మంచు కింద కూరుకుపోయారు. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తర్వాత లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో దొరికారు. దేశమంతా ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఆయనా కన్నుమూశారు.

వాళ్లది తప్పనిసరి విధి. వెనక్కి తిరిగే వీలు లేదు. విహారానికి వెళ్లినవాళ్లకు ఆ వీలుంది. 'ఈరోజు వద్దు' అని చెప్పగలిగే తోడుంటే చాలు. కొండ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాదీ మంచు కురుస్తుంది!