అడవిలో ఎక్కడ ఆగాలి?

అడవిలో దారి తప్పామనుకోండి. చేతిలో తిండి లేదు, ఊరు ఏ దిక్కున ఉందో తెలియదు. అప్పుడు ఎటువంటి చోట ఆగితే ప్రాణం నిలుస్తుంది? పండ్ల చెట్టు కింద అని చాలామంది అంటారు. కాని తిండి లేకుండా మనిషి కొన్ని వారాలు బతకగలడు. నీళ్ళు లేకపోతే కొద్ది రోజులే. ఎండలో కష్టపడి నడిచేవారి ఒంటి నుంచి గంటకు ఒక లీటరు దాకా చెమట పోవచ్చు. కాబట్టి మొదట చూడవలసినవి నీళ్ళు, నీడ. తిండి ఆ తరవాతే.

ముప్పాళ్ళ చుట్టూ పొలాలే. ఎటు నడిచినా ఏదో ఒక ఊరు తగులుతుంది. అక్కడి నుంచి పడమరగా ప్రయాణించి మాచర్ల దాటితే మాత్రం నల్లమల ఎదురవుతుంది. ఇది ఆకురాల్చే అడవి. వానాకాలంలో దట్టంగా ఉంటుంది. వేసవిలో ఆకులు రాలి నీడ పలచబడుతుంది, చాలా వాగులు ఎండిపోతాయి. అందువల్ల వానాకాలంలో అనువైన చోటు వేసవిలో పనికిరాకపోవచ్చు.

ఈ సంగతి చెంచులకు తరతరాలుగా తెలుసు. హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లో నల్లమల చెంచుల మధ్య ఉండి, వారి జీవితాన్ని గురించి 1943లో పుస్తకం ప్రచురించాడు. నీళ్ళు నిలిచే చోటునుబట్టి, దుంపలు, పండ్లు, ఇప్పపూలు దొరికే కాలాన్నిబట్టి వారు మకాం మార్చేవారు.

వాగు ఒడ్డున దిగవచ్చా?

నీళ్ళు ముఖ్యమని వాగు అంచునే పడుకోకూడదు. ఎగువ కొండల్లో వాన పడితే, మన నెత్తిన చినుకు రాలకపోయినా వాగు పొంగుతుంది. రాత్రివేళ జంతువులు నీటికి వచ్చేది కూడా అక్కడికే. మాచర్ల దగ్గర ఎత్తిపోతలలో చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. చూడటానికి ఎంతో అందం. కాని ఆ నీటిలో మొసళ్ళున్నాయి!

పోనీ, కొండ శిఖరానికి ఎక్కితే? అక్కడ గాలి, పిడుగుల భయం ఎక్కువ, నీళ్ళు దూరం. కాబట్టి వాగుకు కొంచెం ఎగువన, చెట్ల నీడ ఉన్న మెట్టనేల మేలు. జంతువుల కాలిబాటకు దూరంగా ఉండాలి.

నీటి జాడ

నేరేడు, తెల్లమద్ది చెట్లు బారుగా కనిపిస్తే వాగు దగ్గరలో ఉందని గ్రహించవచ్చు. వాగు ఎండినా, వంపు తిరిగిన చోట ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరవచ్చు. ఇసుక బురదను ఆపుతుందే గాని సూక్ష్మజీవులను చంపదు. అందుకని ఆ నీటిని మరిగించే తాగాలి.

లోకంలో ఏ అడవికైనా, ఏ ఎడారికైనా సూత్రం ఒకటే: శరీరం దేన్ని త్వరగా పోగొట్టుకుంటుందో దాన్ని కాపాడే చోటు వెతకాలి. ఎడారిలో అది నీరు. మంచుకొండల మీద ఒంటి వేడి. అందుకే అక్కడ గాలి తగలని మరుగు కావాలి.

మరొక మాట. నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది. అనుమతి లేకుండా, పెద్దలు తోడు లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఒకవేళ దారి తప్పితే మంచి చోటు చూసుకుని అక్కడే ఉండండి. తిరిగే మనిషి కంటే ఒకచోట ఉన్న మనిషిని వెతికి పట్టుకోవడం సులువు.