బంగారు మేకు మాటున: అమెరికా రైలుపై అపోహలు – వాస్తవాలు

1869 మే 10న యూటా ప్రాంతంలోని ప్రొమాంటరీ సమిట్ దగ్గర రెండు రైలింజన్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. తూర్పు నుంచి యూనియన్ పసిఫిక్, పడమర నుంచి సెంట్రల్ పసిఫిక్ వేసుకుంటూ వచ్చిన పట్టాలు అక్కడ కలిశాయి. ‘పూర్తయింది’ అన్న కబురు తంతి మీద దేశమంతా పాకింది. 19వ శతాబ్దపు అమెరికా గురించి ఎవరు చెప్పినా ఈ ఘట్టం రాక మానదు. అపోహలూ ఎక్కువగా దీని చుట్టూనే అల్లుకున్నాయి. కొన్ని చిన్న పొరపాట్లు, సరిదిద్దుకుంటే సరిపోతుంది. మరికొన్నింటిలో ఒకరి కష్టం మరొకరి ఖాతాలో పడింది. వాటి గురించి కాస్త వివరంగానే మాట్లాడుకోవాలి.

అపోహ: ఆ రోజుతో రెండు సముద్ర తీరాలూ పట్టాలతో కలిసిపోయాయి.

కలవలేదు. ఒమాహా దగ్గర మిస్సోరి నది మీద అప్పటికి వంతెనే లేదు. ప్రయాణికులు రైలు దిగి, పడవలో నది దాటి, అవతలి గట్టున మళ్లీ రైలెక్కేవారు. ఆ వంతెన 1872లో గానీ రాలేదు. పడమటి కొసన కూడా పట్టాలు శాక్రమెంటో దగ్గరే ఆగాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాకా పొడిగించడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఇక ఆ బంగారు మేకును ఎవరూ సుత్తితో దిగగొట్టలేదు. ముందే తొలిచి ఉంచిన రంధ్రంలో నిలబెట్టి, వేడుక కాగానే తీసేశారు. ఇప్పుడది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. మన పిల్లలు ఎందరో చదువుకున్న ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన లీలండ్ స్టాన్‌ఫర్డే సెంట్రల్ పసిఫిక్ అధ్యక్షుడు.

అపోహ: ప్రభుత్వం జోక్యం లేకుండా, సాహసవంతులైన వ్యాపారులే సొంత పెట్టుబడితో రైలు మార్గాలు వేశారు.

తూర్పు రాష్ట్రాల్లోని కొన్ని తొలి మార్గాల విషయంలో ఇందులో కొంత నిజముంది. పసిఫిక్ మార్గానికి మాత్రం 1862లో లింకన్ సంతకం చేసిన చట్టమే ఆధారం. వేసిన ప్రతి మైలుకూ ప్రభుత్వ బాండ్ల రూపంలో అప్పు దొరికేది: మైదానంలో 16,000 డాలర్లు, పర్వతాల్లో 48,000. పైగా భూమి. 1864 సవరణ తర్వాత మైలుకు 12,800 ఎకరాలు. దేశం మొత్తం మీద కేంద్రం రైల్వేలకు ఇచ్చిన భూమి సుమారు 13 కోట్ల ఎకరాలు. ఆ నేలలో చాలా భాగం అంతకుముందు స్థానిక తెగల జీవనాధారం. ఒప్పందాల పేరుతోనో, సైన్యం బలంతోనో అది వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది.

కొండకూ మైదానానికీ రేటులో ఇంత తేడా ఉంటే ఏం జరుగుతుంది? సియెర్రా నెవాడా పర్వతపాదం ఎక్కడ మొదలవుతుందో దేశాధ్యక్షుడే నిర్ణయించాలని చట్టంలో ఉంది. శాక్రమెంటోకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న ఆర్కేడ్ వాగు దగ్గర మట్టి రంగు మారుతుందని, అదే పర్వతపాదమని కాలిఫోర్నియా భూగర్భ శాస్త్రవేత్త జొసాయా విట్నీ నివేదిక ఇచ్చాడు. లింకన్ ఒప్పుకున్నాడు. కంటికి గుట్ట కూడా కనిపించని చదును నేల కాగితం మీద పర్వతమైపోయి, మైలుకు మూడు రెట్ల అప్పు తెచ్చిపెట్టింది. యూనియన్ పసిఫిక్ వైపు ఇంకో దారి. కంపెనీ పెద్దలే క్రెడిట్ మొబిలియే అనే నిర్మాణ సంస్థ పెట్టుకుని, తమ పనులు తమకే అధిక ధరలకు అప్పగించుకున్నారు. 1872లో పత్రికలు బయటపెట్టేసరికి కాంగ్రెస్ సభ్యుల చేతుల్లోనూ దాని వాటాలు తేలాయి.

అలాగని ప్రభుత్వం డబ్బంతా ఊరికే పంచిపెట్టిందనడమూ సరికాదు. ఆ బాండ్లు అప్పు. దశాబ్దాల వివాదాల తర్వాత శతాబ్దం చివర్లో చాలా మటుకు వసూలైంది. ప్రజల ఖజానా పూచీ పడింది కాబట్టే ప్రైవేటు మదుపుదారులు ముందుకొచ్చారు.

అపోహ: రైలు మార్గాన్ని కట్టింది ఐరిష్ కూలీలూ, అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులూ.

తూర్పు సగానికి ఇది చాలావరకు నిజం. పడమటి సగంలో కూలీలు పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది చైనీయులు. ఎక్కువగా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. సియెర్రా శిఖరం దగ్గరి సొరంగం 1,659 అడుగులు. గ్రానైటు రాయి ఎంత గట్టిదంటే, రోజంతా తొలిచి పేల్చినా తవ్వుతున్న ఒక్కో వైపు ఒకటి రెండు అడుగులకు మించి సాగేది కాదు. త్వరపెట్టడానికి నైట్రోగ్లిజరిన్ తెచ్చారు. చలికాలంలో మంచుచరియలు కూలీల గుడిసెలను మింగేశాయి. కొందరి శవాలు వసంతంలో మంచు కరిగాక గానీ దొరకలేదు.

1867 జూన్‌లో చైనా కూలీలు పని ఆపేశారు. నెలకు 40 డాలర్లు, సొరంగాల్లో తక్కువ పనిగంటలు అడిగారు. తెల్ల కూలీలకు భోజనం, వసతి కంపెనీవే. వీళ్లు తమ తిండి తామే కొనుక్కోవాలి. నిర్మాణం చూస్తున్న చార్లెస్ క్రాకర్ కొండపైకి తిండి సరఫరా నిలిపేశాడు. వారం రోజుల్లో సమ్మె ముగిసింది.

1869 ఏప్రిల్ 28న సెంట్రల్ పసిఫిక్ కూలీలు ఒక్క రోజులో పది మైళ్ల పట్టాలు వేసి చరిత్ర సృష్టించారు. ఆ రోజు పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ వాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. వాళ్లతోపాటు పనిచేసిన వేలాది చైనీయుల పేర్లు లేవు. జీతాల పుస్తకంలో ముఠా మేస్త్రీ పేరే తప్ప కూలీ పేరు రాసే అలవాటు లేదు. ఎంతమంది చనిపోయారో లెక్కా లేదు. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ అదే దేశం చట్టం చేసింది. ఆ నిషేధాల దారి 1917 నాటికి భారతీయుల దాకా వచ్చింది. 1965 చట్టం తర్వాతే తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లగలిగారు.

అపోహ: రైలే లేకపోతే అమెరికా పారిశ్రామిక దేశమయ్యేదే కాదు.

ఈ నమ్మకాన్ని 1964లో ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ ఫోగెల్ లెక్కలతో సవాలు చేశాడు. 1890లో రైళ్లు లేవనుకుని వ్యవసాయ సరుకులను కాలువలు, నదులు, బండ్ల మీద తరలిస్తే జాతీయోత్పత్తిలో పడే నష్టం 3 శాతం లోపేనని తేల్చాడు. 1993లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ 2016లో డొనాల్డ్‌సన్, హార్న్‌బెక్ అదే ప్రశ్నను పొలాల ధరల వైపు నుంచి చూశారు. రైళ్లు తీసేస్తే వ్యవసాయ భూమి విలువ 60 శాతం పడిపోయేదన్నారు. కాబట్టి ‘రైలే సర్వస్వం’ అనడమూ, ‘రైలుతో ఒరిగిందేమీ లేదు’ అనడమూ రెండూ తొందరపాటే.

నా దృష్టిలో అసలు మార్పు వేగంలో కన్నా వ్యాపారం నడిచే తీరులో ఉంది. చికాగోనే చూడండి. ఒకప్పుడు రైతు గోధుమలు అతని బస్తాల్లోనే, అతని పేరుతోనే, అమ్ముడయ్యేదాకా ప్రయాణించేవి. వ్యాగన్లలో ధాన్యం విడిగా పోసి తేవడం మొదలయ్యాక, ఎత్తయిన గిడ్డంగుల్లో అందరి గింజలూ ఒకటిగా కలిసిపోయాయి. రైతు చేతికి రశీదు వచ్చింది. 1848లో పుట్టిన చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ధాన్యానికి గ్రేడులు పెట్టింది. గ్రేడు ఉంది కాబట్టి కళ్లతో చూడకుండానే కొనొచ్చు. ఇంకా పండని పంటను కూడా ఫలానా నెలకు, ఫలానా ధరకు ఒప్పందం చేసుకోవచ్చు. ఫ్యూచర్స్ వ్యాపారానికి 1865లో నియమాలు వచ్చాయి. అదే సమయంలో రవాణా రేట్లూ, గిడ్డంగి అద్దెలూ రైతు మెడ మీద కత్తి అయ్యాయి. గ్రేంజర్ రైతు సంఘాల పోరాటం, 1887లో రైల్వేలపై తొలి కేంద్ర నియంత్రణ చట్టం ఈ నేపథ్యంలో వచ్చినవే.

అపోహ: టైమ్ జోన్‌లను ప్రభుత్వం ఏర్పాటు చేసింది.

రైల్వే కంపెనీలు చేశాయి. అంతకుముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. 1883 నవంబరు 18, ఆదివారం నాడు కంపెనీలు తమ సొంత నిర్ణయంతో దేశాన్ని నాలుగు భాగాలు చేసి గడియారాలు మార్చేశాయి. కాంగ్రెస్ దాన్ని చట్టం చేసింది 1918లో.

అపోహ: కొత్త యంత్రం కనిపెట్టగానే పని సురక్షితమైంది.

ఆ రోజుల్లో రెండు వ్యాగన్లను తగిలించాలంటే మనిషి వాటి మధ్య నిలబడాలి. వ్యాగన్ కదిలి వస్తుండగా ఇనుప లంకెను చేత్తో పట్టుకుని అవతలి బెజ్జంలోకి మళ్లించి, పైనుంచి చీల వేయాలి. చెయ్యి తీయడం క్షణం ఆలస్యమైతే వేళ్లు పోయేవి. మనిషి మధ్యలోకి వెళ్లే పని లేని ఆటోమేటిక్ కప్లర్‌కు ఈలై జానీ 1873లోనే పేటెంటు తీసుకున్నాడు. ఖర్చు చూసి చాలా కంపెనీలు పట్టించుకోలేదు. 1889 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలోనే దాదాపు 2,000 మంది రైల్వే కార్మికులు చనిపోయారు, 20,000 మంది గాయపడ్డారు. కార్మిక సంఘాలూ, అయోవాకు చెందిన లొరెంజో కాఫిన్ లాంటివాళ్లూ ఏళ్ల తరబడి వెంటపడ్డాక, 1893లో కప్లర్లనూ గాలి బ్రేకులనూ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. కంపెనీలు గడువు మీద గడువు అడగడంతో అది పూర్తిగా అమలయ్యేసరికి 1900 అయింది.