ఎవరికి ఓటేశారో తెలియని యంత్రం

"సార్, మీట నొక్కగానే ఓటు ఏ పార్టీకి పడిందో మిషన్‌కి ఎలా తెలుస్తుంది?"

డిప్లొమా రెండో ఏడాది ల్యాబులో ఫ్లిప్‌ఫ్లాప్ పాఠం చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది. ముందురోజు రాత్రి టీవీలో ఈవీఎంల మీద చర్చ చూసిందట. "తెలియదమ్మా" అన్నాను. క్లాసంతా నవ్వింది. జవాబు రాక తప్పించుకుంటున్నాననుకున్నారు. నిజానికి నేను చెప్పిందే జవాబు. ఆ యంత్రానికి తెలియదు. తెలియకూడదనే దాన్ని అలా కట్టారు.

ఈవీఎంను చూడనివాళ్లు ఇప్పుడెవరూ లేరు కాబట్టి ఆకారం వర్ణించను. తెర చాటున నీలం మీటలతో ఉండేది బ్యాలెట్ యూనిట్. పోలింగ్ అధికారి బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్. రెంటినీ ఒక కేబులు కలుపుతుంది. గుర్తులు, పేర్లు అన్నీ బ్యాలెట్ యూనిట్ పైన పెట్టే కాగితం మీదే ఉంటాయి. లోపలి చిప్‌కు అందేది "నాలుగో మీట", "ఏడో మీట" అనే అంకె ఒక్కటే. సినిమా హాల్లో ఎఫ్ 12 సీటు నిండిందని టికెట్ కౌంటరుకు తెలుస్తుంది గానీ అందులో కూర్చున్నది ఎవరో తెలియదు కదా, అంతే. కౌంటింగ్ రోజున కూడా అది అంకెలనే చెబుతుంది. ఆ అంకె పక్కన పేరు రాసుకునేది మనుషులు.

ఈ అజ్ఞానంలో చాలా ముందుచూపు ఉంది. బ్యాలెట్ కాగితం మీద గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు ముందు, రిజిస్టరైన చిన్న పార్టీలవాళ్లు తర్వాత, ఇండిపెండెంట్లు చివర. ప్రతి వర్గంలోనూ పేర్లు అక్షర క్రమంలో వస్తాయి. అందువల్ల ఒకే పార్టీ ఒక నియోజకవర్గంలో రెండో మీట దగ్గరుంటే, పక్క నియోజకవర్గంలో ఐదో మీట దగ్గర తేలుతుంది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేదాకా ఏ మీట ఎవరిదో ఎవరికీ తెలియదు. ఏ యంత్రం ఏ బూతుకు పోతుందో రెండు విడతల్లో కంప్యూటరు లాటరీ తీస్తుంది. ఇలాంటప్పుడు ఫ్యాక్టరీలో చిప్ తయారుచేస్తూనే "ఫలానా పార్టీని గెలిపించు" అని రాసిపెట్టాలన్నా ఎలా రాస్తారు?

దాని రెండో గుణం నెమ్మది. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఈవీఎం అనగానే లెక్కింపు గంటల్లో అయిపోతుందని మెచ్చుకుంటారు. బూతులో మాత్రం అది కావాలనే మందకొడి. పోలింగ్ అధికారి తన బల్ల మీది యూనిట్‌లో 'బ్యాలెట్' మీట నొక్కితేనే అవతల పచ్చదీపం వెలుగుతుంది. ఓటరు ఏదో ఒక నీలం మీట నొక్కగానే ఆ అభ్యర్థి పక్కన ఎర్రదీపం, పొడుగాటి బీప్. ఆపైన అది తాళం వేసుకుంటుంది. పది వేళ్లతో పది మీటలు బాదినా ఇంకో ఓటు పడదు. అధికారి మళ్లీ వదిలితేనే మళ్లీ తెరుచుకుంటుంది. అలా ఎంత చకచకా వదిలినా నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి పడవు.

మా పిల్లలతో దీని నమూనా బ్రెడ్‌బోర్డు మీద కట్టించాను. అసలు యంత్రంలో ఆ పని మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాము చేస్తుంది. మేము పాతకాలపు 555 టైమరుతో చేశాం. నిరోధాన్ని కెపాసిటెన్సుతో హెచ్చించి, దాన్ని 1.1తో హెచ్చిస్తే సమయం వస్తుంది. 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 110 కిలో ఓముల రెసిస్టరు పెడితే దాదాపు 12 సెకన్లు. కెపాసిటరు నిండేదాకా మీట ఎన్నిసార్లు నొక్కినా టైమరు పట్టించుకోదు. ఒక ఓటుకు 12 సెకన్లంటే నిమిషానికి ఐదు. "ఇంత స్లో ఎందుకు సార్?" అని విసుక్కున్నారు పిల్లలు.

బూతును ఆక్రమించినవాడు ఇంకా విసుక్కుంటాడు. మన దేశంలో బూతు ఆక్రమణ 1957లో బీహార్‌లో, బేగుసరాయ్ దగ్గర రచియాహీలో మొదలైందని చెబుతారు. అక్కణ్ణుంచి అది దేశమంతా పాకింది. మన పల్లెల్లో రిగ్గింగ్ కథలు వినని ఇల్లుందా? కాగితం బ్యాలెట్ల కాలంలో నలుగురు లోపలికి దూరి, ఒకడు చింపుతూ, ఒకడు ముద్ర గుద్దుతూ, ఒకడు మడుస్తూ, ఒకడు పెట్టెలో కుక్కుతూ పోతే ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు వెయ్యి ఓట్ల బూతును నిమిషానికి ఐదు లెక్కన గుద్దాలంటే 200 నిమిషాలు కావాలి. మూడు గంటల ఇరవై నిమిషాలు! ఈలోగా పోలీసు జీపు రాదా? ప్రిసైడింగ్ ఆఫీసరుకు 'క్లోజ్' మీట ఒకటుంది. అది నొక్కేస్తే ఆ తర్వాత ఎవరెంత బాదినా ఒక్క ఓటూ పడదు. బూతు ఆక్రమణలో దొంగకు అత్యవసరమైనది వేగం. అది గమనించినవాళ్లకు నేను దండం పెడతాను.

ఇంతకీ ఎవరు వాళ్లు? 1977లో ఎన్నికల సంఘానికి ఈ ఆలోచన వచ్చినప్పుడు పని అప్పగించింది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌కే. ఈసీ టీవీలు చేసిన ఆ సంస్థే 1979లో నమూనా తయారుచేసింది. తర్వాత బెంగళూరు బీఈఎల్ కూడా రంగంలోకి దిగింది. అక్కడ ఈ పనిలో ముఖ్యుడైన ఇంజినీరు రంగరాజన్‌ను తమిళ పాఠకులు సుజాత అనే కలంపేరుతో ఎరుగుదురు. నవలలు రాసినాయనే. ఒకటి అణుశక్తి విభాగం కింది సంస్థ, ఒకటి రక్షణశాఖ సంస్థ. నేటికీ ఈవీఎంలు చేసేది ఆ రెండే.

మొదటి పరీక్షే కోర్టుకెక్కింది. 1982 మేలో కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో 50 బూతుల్లో యంత్రాలు పెట్టారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై ఇవి వద్దని పోలింగుకు ముందే హైకోర్టుకు వెళ్లాడు. కోర్టు జోక్యం చేసుకోలేదు. తీరా ఓట్లు లెక్కపెడితే ఆ పిళ్లై గారే 123 ఓట్లతో గెలిచాడు. ఇక యంత్రాలు వద్దనడం ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ వంతైంది. చట్టంలో యంత్రం మాటే లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ 50 బూతుల పోలింగును రద్దు చేసింది. కాగితంతో మళ్లీ వేయిస్తే జోస్ గెలిచాడు. యంత్రం తప్పు చేసిందని కోర్టు ఎక్కడా అనలేదు. అయినా ఓడినవాడికి యంత్రం చెడ్డదవడం అనే మన ఆచారం అక్కడే మొదలైంది. గెలిచాక ఆ అనుమానాలు ఏమవుతాయో ఏ పార్టీవాళ్లూ చెప్పరు.

1988 చివర్లో చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా ఇవే.

అనుమానాలన్నీ ఓడినవాళ్ల ఏడుపు కూడా కావు. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ బృందం ఒక అసలు ఈవీఎంను విప్పి చూపించింది. ఈ గాంగ్రైప్ బృందమే 2006లో తమ దేశపు ఓటింగ్ యంత్రంతో చదరంగం ఆడించింది! మన యంత్రం మీద వాళ్లు చూపిన ఒక దాడిలో చిప్ జోలికే పోలేదు. ఫలితం చూపే డిస్‌ప్లే బోర్డు తీసి, అచ్చం అలాగే ఉండే నకిలీది పెట్టారు. అందులో దాచిన చిన్న రేడియోకు మొబైల్ ఫోను నుంచి సందేశం పంపితే చాలు, ఫలానా అంకెకు ఇన్ని ఓట్లు అని అది చూపిస్తుంది. అభ్యర్థుల వరస ఖరారయ్యాక, ఓట్లు కూడా పడ్డాక చెప్పొచ్చన్నమాట. చిప్ అజ్ఞానానికి ఇది చక్కని విరుగుడు. యంత్రాలు సీళ్ల మధ్య, స్ట్రాంగ్ రూముల్లో ఉంటాయి కదా, అలా విప్పే అవకాశం ఎవరికొస్తుందని ఎన్నికల సంఘం వాదన. అదీ కొట్టిపారేసేది కాదు. ఆ యంత్రం దొంగిలించారన్న కేసులో హరిప్రసాద్‌ను ఆగస్టులో అరెస్టు చేశారు. యంత్రం లోపం గురించి అడిగితే యంత్రం ఎక్కణ్ణుంచి తెచ్చావని అడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ గొడవల తర్వాతే కాగితం తిరిగొచ్చింది. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో ఓటు చీటీ అచ్చేసే వీవీప్యాట్‌ను మొదటిసారి వాడారు. అభ్యర్థి వరస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి, తెగి పెట్టెలో పడుతుంది. ఓటరు కళ్లతో చూసిన సాక్ష్యం అది. మారింది చీటీ ఒక్కటే కాదు. కొత్త తరం యంత్రాలకు 24 బ్యాలెట్ యూనిట్ల దాకా తగిలించొచ్చు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేసి 185 మంది పోటీలో నిలిస్తే ఒక్కో బూతులో 12 యూనిట్లు పెట్టి గట్టెక్కారు. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య మీద 480 మంది బరిలో ఉన్నప్పుడు కాగితం మీదే ఆ అవస్థంతా పడ్డారు. మళ్లీ చీటీల సంగతికొస్తే, 2019లోనే చంద్రబాబు నాయుడు, మరికొందరు ప్రతిపక్ష నేతలు సగం చీటీలు లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకెళ్తే, అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూతుల చొప్పున లెక్కించమంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. చీటీ మీద పేరు, గుర్తు అచ్చేయాలంటే అవి వీవీప్యాట్‌కు తెలియాలి. అందుకని సింబల్ లోడింగ్ యూనిట్ అనే చిన్న పరికరంతో వాటిని ఎక్కిస్తారు. ఏ మీట ఎవరిదో ఎరగని వ్యవస్థలోకి, అనుమానం తీర్చే ప్రయత్నంలోనే, ఎరిగిన భాగం ఒకటి వచ్చి చేరింది. విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా ఈ కొసనే. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పూర్తిగా కాగితానికి మళ్లడానికి ఒప్పుకోలేదు గానీ, ఆ లోడింగ్ యూనిట్లను కూడా సీలు చేసి ఫలితాల తర్వాత 45 రోజులు దాచమంది. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు అడిగితే ఐదు శాతం యంత్రాల చిప్‌లను పరీక్షించమంది. చీటీలను యంత్రంతో లెక్కపెట్టొచ్చేమో, పార్టీకో బార్‌కోడ్ వేయొచ్చేమో చూడమని కూడా అంది.

యంత్రంతో లెక్కపెట్టడం నాకు సమ్మతమే. బార్‌కోడ్ మాత్రం వద్దు. అద్దం వెనక ఏడు సెకన్లలో ఓటరు చదివేది గుర్తును, గీతల్ని కాదు. స్కానరు కూడా ఆ గుర్తునే చదవాలి. అలాంటి స్కానరు చేయడం ఈసీఐఎల్ వాళ్లకు ఏమంత కష్టం?