నోరు తెరిచి చూపించిన పదివేలమంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరపు పల్లెల్లో ఉన్నవారికి అడ్డపొగ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగతావారు వినండి. చుట్ట కాల్చేవారు నిప్పున్న కొసని బయటికి ఉంచుతారు కదా. అడ్డపొగ తాగేవారు ఆ నిప్పు కొసనే నోట్లో పెట్టుకుని పెదవులు బిగిస్తారు. పొగ, వేడి, నుసి అన్నీ లోపలే! ఈ అలవాటు ఎక్కువగా ఆడవాళ్ళది. చుట్ట గాలికి ఆరిపోదనీ, బూడిద మీద పడదనీ కారణాలు చెబుతారు. అసలు సంగతేమిటంటే, ఇంట్లో పెద్దవాళ్ళని చూసి చిన్నవాళ్ళు నేర్చుకోవడమే.

చుట్ట వేడి సూటిగా తగిలేది నోటి పైకప్పుకి, అంటే అంగిటికి. గట్టి అంగిటి మీద క్యాన్సరు రావడం మామూలుగా చాలా అరుదు. కేరళలో పొగాకు కలిపి తాంబూలం నమిలేవారికి బుగ్గ లోపల వచ్చే పుండు, మన ఉత్తరకోస్తాలో మాత్రం అంగిటి మీద వస్తోంది. ఎందుకు? నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చడమే కారణమని డి. గోవిందరెడ్డి, వి. కె. రావు అనే వైద్యులు 1957లోనే ఒక వ్యాసం ప్రచురించారు.

అయితే నేరం రుజువైనట్టేనా? తొందరపడకండి. ఆసుపత్రికి వచ్చిన పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది అడ్డపొగ తాగేవారే అనుకుందాం. వాళ్ళ ఊళ్ళో పదిమందిలో తొమ్మిదిమందికి ఆ అలవాటు ఉంటే, ఆ లెక్క మనకేమీ చెప్పదు! ఊళ్ళో ఎందరు తాగుతారు, ఎందరు తాగరు, ఎవరి అంగిలి ఎలా ఉంది అన్నది తెలియాలి. అంటే జబ్బు లేనివారిని కూడా పరీక్షించాలి. అదీ పదిమందినో వందమందినో కాదు. క్యాన్సరు కొద్దిమందికే వచ్చే జబ్బు కనుక వేలమందిని చూస్తేగాని తేడా బయటపడదు.

ఆ పని బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో దంత పరిశోధన విభాగం తలపెట్టింది. డాక్టర్ ఫాలీ మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. (విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అంతకుముందు బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోవే.) 1971లో ఫలితాలు వెలువడ్డాయి. నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవారే. అంగిలి పాలిపోవడం, తెల్ల మచ్చలు, ఎర్రని పూతలు వారిలోనే మిక్కుటం.

ఈ పరిశోధనకి డబ్బెక్కడిది? జంషెడ్‌జీ టాటా పెద్దకొడుకు దొరాబ్జీ భార్య మెహర్‌బాయి 1931లో రక్త క్యాన్సరుతో మరణించింది. ఆ మరుసటేడు దొరాబ్జీ ఆమె పేరుమీద ఆ జబ్బుపై పరిశోధనకి నిధి ఏర్పరిచి, తానూ ఆ ఏడే కన్నుమూశాడు. ఆయన ఆస్తితో నడిచిన ధర్మనిధి 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని తెరిచింది. 1945లో పైన చెప్పిన పరిశోధన సంస్థకి ఊపిరిపోసిందీ ఆ నిధే. పల్లెల సర్వేలకి అమెరికా సొమ్ము కూడా తోడైంది. అది ఒకప్పుడు మనం కొన్న గోధుమలకి మనమే కట్టిన రూపాయలు!

కాని డబ్బు నోరు తెరవలేదు కదా. ఆ పల్లెవాసులకి నొప్పీ లేదు, జబ్బూ లేదు. అయినా ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు కూర్చుని నోరు తెరిచారు. రోజుకెన్ని చుట్టలు, ఎన్నేళ్ళనుంచి, ఏ కొస లోపల అన్నదంతా చెప్పారు. ఒక ఆడమనిషి పరాయి మగవాడితో ఇవి చెప్పడం తేలికైన సంగతి కాదు. దొరాబ్జీ లక్షలూ, ఈమె చెప్పిన నిజమూ ఒకే ఖాతాలో జమకావాలని నా అభిప్రాయం.

1977 తర్వాత ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకున్నారు. వారిని ఏటేటా పరీక్షిస్తూ, పొగాకు మానమని నచ్చజెప్పారు. ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ చూడడం ఎందుకంటారా? ఒక్కసారి చూస్తే మచ్చ ఉందో లేదో తెలుస్తుంది. ఏటా చూస్తేనే ఏ మచ్చ మాయమైంది, ఏది పుండుగా మారింది అన్నది తెలుస్తుంది. అంతకుముందు అవే ప్రాంతాల్లో, పెద్దగా సలహాలేవీ లేకుండా పరీక్షించినవారితో వీరిని పోల్చారు. అందరూ మానలేదు సుమా! కాని మానినవారు, తగ్గించినవారు పెరిగారు, నోట్లో కొత్త మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్యపత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది.

ఇప్పటికీ ఆ తీరంలో అడ్డపొగ తాగే ముసలివారు కనిపిస్తారు. మీ ఇంట్లోనే అలాంటి అమ్మమ్మ ఉంటే వెలుతురులో నోరు తెరవమని అడగండి. తెల్లని లేక ఎర్రని మచ్చగాని, పుండుగాని రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. అవసరమైతే బొంబాయి దాకా పోనక్కరలేదు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారిదే హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది.