మౌసా, టచ్‌ప్యాడా? ల్యాప్‌టాప్ పనికి ఏది మేలు

పిల్లల చదువుకని కొన్న ల్యాప్‌టాప్‌లోనే రాత్రిపూట దుకాణం లెక్కలు, జీఎస్టీ బిల్లులు ఎక్కించే ఇళ్లు ఎన్నో. గంట గడిచేసరికి మణికట్టు లాగడం మొదలవుతుంది. చాలాసార్లు అసలు ఇబ్బంది పనితో కాదు, టచ్‌ప్యాడ్‌తో.

ఎక్సెల్‌లో వందల వరుసలు సెలెక్ట్ చేయడం, ఒక సెల్‌ను లాగి ఇంకోచోట పెట్టడం, ఫొటో కత్తిరించడం లాంటి పనులకు మౌసే మేలు. టచ్‌ప్యాడ్ మీద వేలు అంచుకు చేరితే పట్టు జారుతుంది. టైప్ చేస్తుంటే అరచేయి తగిలి కర్సర్ వేరే చోటికి పోతుంది. బిల్లు అంకె పక్క సెల్‌లో పడిందంటే లెక్క మొత్తం తప్పే. మామూలు వైరు మౌస్ రూ.300-500కే దొరుకుతుంది.

చదువుకోవడానికి, మెయిల్ చూడడానికి, ప్రయాణంలో పనికి టచ్‌ప్యాడ్ చాలు. రెండు వేళ్లు జరిపితే పేజీ కదులుతుంది. విండోస్‌లో మూడు వేళ్లు పైకి జరిపితే తెరిచి ఉన్నవన్నీ కనిపిస్తాయి.

ట్యాలీలో అయితే ఈ రెండింటి అవసరం తక్కువే. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఈ నాలుగూ అలవాటైతే చేయి కీబోర్డు దాటదు.

మౌస్ కొంటే సరిపోదు. అది కీబోర్డు పక్కనే, అదే ఎత్తులో ఉండాలి, మణికట్టు వంగకూడదు. ఎడమచేతి వాటం వాళ్లు సెట్టింగ్స్‌లో బటన్లు మార్చుకోవచ్చు. వేళ్లలో తిమ్మిరి తగ్గకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.