ఇంట్లోనే గిటార్‌కి రివర్బ్ పెడల్

ఖాళీ గుడి మండపంలో చప్పట్లు కొడితే ఆ శబ్దం కాసేపు మోగుతూనే ఉంటుంది కదా, అదే రివర్బ్. ఒక్కసారి తిరిగొస్తే ఎకో. లెక్కలేనన్ని ప్రతిధ్వనులు కలిసిపోతే రివర్బ్.

పీటీ2399 అనే ఎకో చిప్ ఒక్కటే పెడితే మోతలు విడివిడిగా వినిపిస్తాయి. అలాంటివి మూడు కలిపి ఒకే డబ్బాలో పెట్టిందే బెల్టన్ బ్రిక్. నేను దాన్నే వాడతాను.

గిటార్ సిగ్నల్‌ని టీఎల్072 ఆప్-ఆంప్ తర్వాత రెండు దారులుగా చీలుస్తాను. ఒకటి నేరుగా అవుట్‌పుట్‌కి, రెండోది బ్రిక్ గుండా. చివర్లో రెండూ కలుస్తాయి. బ్రిక్ దారిలో వాల్యూమ్ పాట్ పెడితే, అది పెంచినకొద్దీ రివర్బ్ పెరుగుతుంది. మీ అసలు మీటు మాత్రం చెదరదు.

ఇక్కడే జాగ్రత్త. బ్రిక్‌కి 5 వోల్టులే ఇవ్వాలి. పెడల్ అడాప్టర్ ఇచ్చేది 9. మధ్యలో 7805 రెగ్యులేటర్ కావాలి. దాని మీది అంకెలు మనవైపు ఉంటే ఎడమది ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. చిన్న 78ఎల్05 చదునైన వైపు మనకి ఉంటే ఈ వరస తిరగబడుతుంది! తారుమారైతే ఖరీదైన బ్రిక్ పోయినట్టే. కాబట్టి ముందు బ్రిక్ లేకుండా కరెంట్ ఇచ్చి, మల్టీమీటర్ 5 చూపించాక, అడాప్టర్ తీసేసి అప్పుడు సోల్డర్ చేయండి.

మీ పెడల్ ఎలా మోగిందో చెప్పండి. ఉంటానండీ.